మానిన గాయము - మానని నొప్పి

ఏలూరునకు ఉత్తరమున మెట్టసీమయైన చింతలపూడి, కామవరపుకోట, జంగారెడ్డిగూడెం పరిసరములలో నేడు ఆయిల్‌పామ్ తోటలు విస్తారముగా కలవు. ఈ తోటలలో గెలలు కోయుట తేలిక పని కాదు. చెట్టు లేతగా నున్నప్పుడు ఉలి వంటి పనిముట్టుతో మట్టను, గెలను నరుకుదురు. చెట్టు ఎదిగిన పిదప పొడవైన గడకు బిగించిన కొడవలి వాడుదురు. 20 కిలోల గెల పైనుండి జారిపడుట, కొడవలి తప్పుట, మట్టల ముండ్లు చేతులలో విరుగుట తోటపని చేయువారికి క్రొత్త కాదు. దిగువన కొల్లేటి చేపల చెరువులలో దిగువారికి జెల్లముల్లు భయము, తాటిచెట్టు నెక్కు గీత కార్మికునకు జారిపడు భయము ఎల్లప్పుడును ఉండును. వీటన్నిటికి తోడు నేడు మోటారు సైకిలు ప్రమాదములు చేరినవి.

ఇట్టి గాయములలో పెక్కు రెండు మూడు వారములలో మానిపోవును. కుట్లు విప్పుదురు. ఎముక విరిగినచో ఆరు వారములకో, మూడు నెలలకో అతుకుకొనును. కాని కొందరి విషయమున విచిత్రము జరుగును. గాయము పూర్తిగా మానును, ఎక్స్‌రేలో ఎముక చక్కగా కనబడును, నొప్పి మాత్రము పోదు. పోకపోగా పెరుగును. చొక్కా చేయి రాసికొన్నను మంట, గాలి సోకినను మంట. రాత్రి నిద్ర ఉండదు. ఇంటివారు కొంతకాలము జాలిపడుదురు. పిదప విసుగుకొందురు. మేస్త్రీ "పని ఎగవేయుటకు సాకు" అనును. తుదకు రోగియే తన మాటను తాను నమ్మలేని స్థితికి వచ్చును.

ఈ నొప్పి సాకు కాదు, భ్రమ కాదు. గాయములో నాడి దెబ్బతిన్నప్పుడు, లేక గాయము తరువాత నాడుల నడత మారినప్పుడు ఇట్టి నొప్పి పుట్టును. దీనిని త్వరగా గుర్తించినవారు చాలవరకు కోలుకొందురు. ఆలస్యము చేసినవారు ఒక చేయియో, కాలో ఉండియు లేనివారగుదురు. అందుచేత దీని స్వభావమును కొంత వివరముగా తెలిసికొనుట అవసరము.

నరము అనగా ఏది?

మన వాడుకలో "నరము" అను మాట మూడు వేర్వేరు వస్తువులకు చెల్లుచున్నది. ముంజేతిపై నీలముగా ఉబ్బి కనబడుదానిని నరమందుము. అది రక్తనాళము. పిడికిలి బిగించినప్పుడు మణికట్టు వద్ద త్రాడువలె లేచుదానిని కూడ నరమందుము. అది కండను ఎముకకు కట్టియుంచు స్నాయువు. ఈ రెండును కాక మూడవది నాడి. అది తెల్లగా, మెత్తగా, నూలుపోగుల కట్టవలె ఉండును. మెదడునుండియు వెన్నుపామునుండియు బయలుదేరి వ్రేళ్ళ కొనల వరకు పోవును. "నరము తెగినది" అని ఆసుపత్రిలో చెప్పినప్పుడు ఈ మూడింటిలో ఏది తెగినదో అడిగి తెలిసికొనవలెను. ఏలన, ఒక్కొక్కదాని చికిత్స వేరు, గడువు వేరు.

నాడి ఎట్లుండునో తెలిసికొనగోరువారు మోచేతి లోపలి గుబ్బ వెనుక వ్రేలితో మెల్లగా నొక్కి చూడవచ్చును. అచట పొరపాటున గడప తగిలినప్పుడు చిటికెన వ్రేలి వరకు కరెంటు కొట్టినట్లు జిల్లుమనుట అందరకు అనుభవమే. దెబ్బ తగిలినది మోచేతికి, జిల్లుమన్నది వ్రేలికి. నాడి స్వభావమంతయు ఈ చిన్న అనుభవములో ఉన్నది. నాడికి ఎచ్చట దెబ్బ తగిలినను, అది ఏ భాగమునుండి వార్త తెచ్చునో ఆ భాగమే నొప్పిపెట్టినట్లు మెదడు తలచును.

ఒకే నాడిలో మూడు విధములైన పోగులు ఉండును. కొన్ని స్పర్శను, వేడిని, నొప్పిని లోపలికి తెలుపును. కొన్ని కండలకు కదలుమని ఆజ్ఞ తెచ్చును. మరికొన్ని చెమటను, రక్తనాళముల సంకోచ వికాసములను చూచుకొనును. కావుననే నాడి దెబ్బతిన్న చేతిలో నొప్పి మాత్రమే కాక తిమ్మిరి, బలహీనత, చెమటలో తేడా, రంగు మార్పు కూడ కనబడుచుండును.

దినమునకు ఒక మిల్లీమీటరు

తెగిన నాడి రెండు కొనలలో వ్రేళ్ళ వైపు భాగము కొన్ని దినములలో చచ్చిపోవును. కాని దాని తొడుగు మిగులును. మెదడు వైపు కొననుండి క్రొత్త మొలకలు వచ్చి, దారి దొరికినచో ఆ పాత తొడుగులోనే ప్రాకుచు ముందుకు సాగును. ఆ వేగము సుమారు దినమునకు ఒక మిల్లీమీటరు, అనగా నెలకు ఒక అంగుళము. మణికట్టు వద్ద తెగిన నాడి వ్రేలి కొనకు చేరుటకు సుమారు 18 సెంటీమీటర్లు పోవలెను గనుక ఆరు నెలలకు పైగా పట్టును. మోచేతికి పైన తెగినచో అరచేతి కండలను చేరుటకు ఏడాదికి మించును. ఈలోగా కండ ఊరక ఉండదు. ఆజ్ఞ అందని కండ క్రమముగా ఎండిపోవును. ఏడాది, ఏడాదిన్నర దాటిన పిదప నాడి వచ్చి చేరినను ఆ కండ లేచి పనిచేయుట అరుదు. శస్త్రవైద్యులు నాడీ గాయములలో తొందరపడుట ఇందువలననే. కత్తితో శుభ్రముగా తెగిన నాడిని మొదటి కొలది దినములలోనే కలిపి కుట్టుట శ్రేష్ఠము.

మొలకలకు దారి దొరకనిచో ఏమగును? అవి గాయపు మచ్చలో చిక్కుపడి ముడివలె పెరుగును. ఆ ముడిపై వ్రేలు తగిలినచో ప్రాణము పోవునంత నొప్పి కలుగును. చేయి, కాలు తీసివేయించుకొన్నవారి మొండెమునందు కనబడు బాధకు ఇట్టి ముడి ఒక ప్రధాన కారణము.

మన పల్లెలలో జరుగు ప్రమాదము ఏమనగా, పై చర్మమును కుట్టుటతో గాయము ముగిసినదనుకొనుట. మణికట్టుపై రెండంగుళముల కోత చూచుటకు చిన్నదే. దాని క్రింద నాడి తెగినదా లేదా అని చూచుటకు పెద్ద యంత్రము అక్కరలేదు. కుట్టుటకు ముందే, మత్తుమందు ఇచ్చుటకు ముందే, ఒక్కొక్క వ్రేలి కొనను దూదితో తాకి స్పర్శ తెలియుచున్నదా అని అడుగవలెను. వ్రేళ్ళను విసనకఱ్ఱవలె విప్పగలడా, బొటనవ్రేలిని చిటికెన వ్రేలికి తాకింపగలడా, మణికట్టును పైకెత్తగలడా చూడవలెను. కాలికి దెబ్బ తగిలినచో పాదమును పైకెత్తమనవలెను. ఈ పరీక్షకు రెండు నిమిషములు చాలును. కుట్టువారు చేయనిచో గాయపడినవాని వెంట వచ్చిన బంధువు అడిగి చేయించవచ్చును. అట్లు అడుగుట అవిధేయత కాదు.

నాడి పెరుగుచున్నదో లేదో తెలిసికొనుటకు కూడ ఒక సులభ మార్గము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1915లో, జర్మనీలో హాఫ్‌మన్, ఫ్రాన్సులో టినెల్ అను ఇద్దరు వైద్యులు వేర్వేరుగా దీనిని ప్రకటించిరి. నాడి మార్గము వెంబడి వ్రేలితో మెల్లగా తట్టుచు పోయినచో, మొలకలు చేరిన చోట తట్టినప్పుడు వ్రేళ్ళలో చీమలు ప్రాకినట్లగును. ఆ చోటు నెలనెలకు క్రిందికి జరుగుచున్నచో నాడి నడచుచున్నదని అర్థము. నెలలు గడచినను ఒకే చోట నిలిచినచో దారి మూసికొన్నదని అనుమానింపవలెను. శత్రు దేశముల వైద్యులు ఒకే సంవత్సరమున ఒకే సంగతి కనిపెట్టుట వింత కాదు. ఇరువైపుల సైనికుల గాయములు ఒక్క తీరువే గదా!

తడిగుడ్డ చుట్టుకొన్న సైనికులు

ఈ నొప్పి నేటిది కాదు. మన సుశ్రుతుడు శరీరమున 107 మర్మస్థానములు చెప్పి, వానిలో ఎనిమిదింటిని "రుజాకరములు" అని వేరుపరచెను. అనగా దెబ్బ తగిలినచో ప్రాణము తీయకపోయినను నొప్పిని మిగుల్చునవి. ఆ ఎనిమిదింటిలో రెండు మణికట్లు, రెండు చీలమండలు కలవు. నేటి వైద్యులు కూడ మణికట్టు విరిగిన పిదపనే ఈ మొండి నొప్పి ఎక్కువగా వచ్చునని చెప్పుట గమనింపదగినది.

16వ శతాబ్దమున ఫ్రాన్సు రాజైన 9వ చార్లెసునకు జ్వరము వచ్చినప్పుడు రక్తము తీయుటకు చేతిని గ్రుచ్చగా నాడికి తగిలి, చేయి ముడుచుకొని, పెద్ద బాధ కలిగెనని ఆయనకు వైద్యము చేసిన ఆంబ్రోజ్ పరే వ్రాసెను. రాజు కొన్ని నెలలకు కోలుకొనెను. రాజును సాకు చెప్పుచున్నాడని ఎవరందురు? ఆ అనుమానము కూలివానికే దక్కినది.

ఈ వ్యాధిని శాస్త్రీయముగా వర్ణించిన కీర్తి అమెరికా అంతర్యుద్ధకాలమున ఫిలడెల్ఫియాలో పనిచేసిన సైలాస్ వైర్ మిచెల్ అను వైద్యునిది. తుపాకిగుండ్లు తగిలి నాడులు చెడిన సైనికులను ఒకే ఆసుపత్రిలో చేర్చి, ఇద్దరు సహచరులతో కలిసి 1864లో ఒక గ్రంథము వెలువరించెను. ఆ సైనికులు మండుచున్న చేతికి ఎల్లప్పుడు తడిగుడ్డ చుట్టుకొని, నీళ్ళసీసా వెంట బెట్టుకొని తిరిగెడివారు. కొందరు బూట్లలో నీళ్ళు పోసికొనెడివారు. ఎవరైన బరువుగా నడచినను, కాగితము గలగలలాడినను వారికి నొప్పి హెచ్చెడిది. మిచెల్ ఈ బాధకు గ్రీకు భాషలో "మంట నొప్పి" అను అర్థము వచ్చు పేరు పెట్టెను. తెగిపోయిన చేయి ఇంకను ఉన్నట్లు, అది నొప్పిపెట్టుచున్నట్లు తోచుటను గూర్చియు ఆయన వ్రాసెను.

లేని చేయి ఎట్లు నొప్పిపెట్టును? మోచేతి ఉదాహరణము ఇచట జ్ఞప్తికి తెచ్చుకొనుడు. వార్త ఎచ్చట పుట్టినను, మెదడులో ఆ చేతికి కేటాయింపబడిన స్థానము మేల్కొనును. చేయి పోయినను ఆ స్థానము పోదు.

తూము తలుపు

కాలికి రాయి తగులగానే మనము ఆ చోట చేతితో రుద్దుకొందుము. రుద్దినచో నొప్పి తగ్గును. ఎందుకు తగ్గునో 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతముగా చెప్పిరి. వెన్నుపాములో నొప్పి వార్తకు తూము తలుపు వంటి ఏర్పాటు కలదు. స్పర్శ పోగులు తెచ్చు వార్త ఆ తలుపును కొంత మూయును. మెదడునుండి వచ్చు ఆజ్ఞలును మూయగలవు. భయము, దిగులు, నిద్రలేమి దానిని తెరచును. ఈ సిద్ధాంతములోని కొన్ని వివరములు తరువాత మారినను, నొప్పి తీగలో పోవు విద్యుత్తువలె తిన్నగా పోదనియు, దారిలో దానిని హెచ్చించు తగ్గించు ఏర్పాట్లు కలవనియు అందరు అంగీకరించిరి.

నాడి దెబ్బతిన్నప్పుడు ఈ తూము చెడును. వరదకు తలుపు విరిగిన తూములో చిన్న కాలువ నీరును ఆగదు గదా! అట్లే స్పర్శ వార్త కూడ నొప్పి వార్తగా మారి మెదడును చేరును. గుడ్డ తాకుట, ఈక తాకుట కూడ మంటయగును. గాయము మానినను వెన్నుపాములోని ఈ మార్పు మిగిలియుండుటవలన నొప్పి మిగులును. ఎక్స్‌రేలో ఇది కనబడదు. ఎక్స్‌రే ఎముకను చూపునే గాని నాడిని చూపదు.

నాడి తెగకున్నను

ఒక్కొక్కప్పుడు నాడి తెగినట్లు ఏ ఆధారము లేకున్నను ఇట్టి నొప్పియే వచ్చును. మణికట్టు బెణికినను, విరిగినను, చిన్న శస్త్రచికిత్స జరిగినను, కొన్ని వారములలో చేయి అంతయు వాచి, ఒకప్పుడు ఎఱ్ఱగా వేడిగా, మరియొకప్పుడు నీలముగా చల్లగా మారును. చెమట ఎక్కువ పట్టును. గోళ్ళు, వెండ్రుకలు పెరుగు తీరు మారును. కీళ్ళు బిగియును. నొప్పి దెబ్బకు తగినంత కాక దానికి పదింతలుండును. 1994లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘమువారు ఈ రెండు స్థితులను, అనగా నాడి చెడినదానిని, చెడనిదానిని, ఒకే వ్యాధికి రెండు రకములుగా నిర్ణయించిరి.

దీనికి ముఖ్య చికిత్స కదలించుట. మన అలవాటు దీనికి సరిగా వ్యతిరేకము. నొప్పిగా నున్న చేతిని గుడ్డలో చుట్టి మెడకు వ్రేలాడగట్టి, నీరు తగులనీయక, నెలల తరబడి కదల్చక కాపాడుదుము. ప్రేమతో చేయు ఈ పనియే చేయిని కొయ్యచేయును. నొప్పి కలుగునని కదల్చరు, కదల్చకపోవుటచే కీళ్ళు బిగిసి నొప్పి పెరుగును. ఎముక అతుకునంతవరకు కట్టు ఉండవలసినదే. కాని కట్టు వెలుపలనున్న వ్రేళ్ళను మొదటి దినమునుండియే కదల్చుచుండవలెను. వేడి కాపడములు, వాతలు పెట్టుట మిక్కిలి హానికరము. స్పర్శ తెలియని చర్మము కాలినను రోగికి తెలియదు.

కట్టు మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. రాయలసీమలోని పుత్తూరు కట్టు ప్రసిద్ధి అందరకు తెలిసినదే. మన ప్రాంతమునను కట్టు కట్టువారు కలరు, ఆసుపత్రులలో సిమెంటు కట్టు కట్టుదురు. కట్టినది ఎవరైనను, కట్టు తరువాత వ్రేళ్ళు నీలమైనను, తిమ్మిరియెక్కినను, వ్రేలిని మెల్లగా సాచినప్పుడు భరింపరాని నొప్పి కలిగినను, తెల్లవారునని వేచియుండరాదు. ఆ రాత్రియే కట్టు వదులు చేయింపవలెను. రక్తము అందక ఆరు గంటలు గడచినచో కండలు, నాడులు శాశ్వతముగా చెడవచ్చును. ఇట్లు ముడుచుకొనిపోయిన చేతిని గూర్చి జర్మనీ వైద్యుడు ఫోక్‌మన్ 1881లోనే హెచ్చరించెను.

పిరుదుపై తప్పు చోట ఇచ్చిన ఇంజక్షను కాలి పెద్ద నాడికి తగిలి, పాదము జారి, కాలంతయు మండుట కూడ మన గ్రామములలో కలదు. ప్రతి జ్వరమునకు సూది కోరుట మానినచో ఈ ఆపద చాలవరకు తప్పును. ఇక దెబ్బ ఏమియు లేకయే చేతులలో కాళ్ళలో స్పర్శ తగ్గుట కుష్ఠు, మధుమేహము వంటి వ్యాధులవలన కావచ్చును. అది వేరు విషయము, దానికి వేరు పరీక్ష కావలెను.

చికిత్స

నాడి నొప్పికి సాధారణమైన నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. మందుల దుకాణమున కొని నెలల తరబడి మ్రింగినచో కడుపు, మూత్రపిండములు చెడును గాని మంట తగ్గదు. వైద్యులు దీనికి అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి మందులు వ్రాయుదురు. వీనిలో మొదటిది మనోవ్యాధులకును, తక్కినవి మూర్ఛకును వాడునవి. కాగితము చదివిన రోగి "నాకు మూర్ఛ లేదే, పిచ్చి లేదే" అని భయపడి మానివేయుట తరచు జరుగుచున్నది. ఆ మందులే హద్దు మీరిన నాడి వార్తలను అణచును. గుణము కనబడుటకు రెండు మూడు వారములు పట్టవచ్చును. మొదట మత్తుగా నుండును గనుక ఆ దినములలో తాటిచెట్టు నెక్కుట, మోటారు సైకిలు నడపుట తగదు. వైద్యునితో చెప్పక ఒక్కసారిగా ఆపుటయు తగదు.

మందుతోపాటు చర్మమునకు స్పర్శను మరల నేర్పవలెను. మొదట దూది, పిదప మెత్తని నూలుబట్ట, ఆపైన గరుకు తువ్వాలు, తరువాత గిన్నెలో పోసిన బియ్యములో చేయి పెట్టుట. దినమునకు అనేక పర్యాయములు, కొద్ది నిమిషములు చొప్పున చేయవలెను. అద్దముతో చేయు సాధనము ఒకటి కలదు. మద్రాసు రాష్ట్రమున పుట్టి అమెరికాలో పనిచేసిన వి. ఎస్. రామచంద్రన్ 1990 తరువాతి దశకమున, తెగిన చేయి నొప్పిపెట్టువారి కొరకు దీనిని కల్పించెను. రెండు చేతుల నడుమ అద్దము నిలువుగా నిలిపి, బాధగల చేతిని అద్దము వెనుక ఉంచి, మంచి చేతి ప్రతిబింబమును చూచుచు మెల్లగా కదల్తురు. బాధగల చేయియే నొప్పి లేక కదలుచున్నట్లు మెదడునకు తోచును. అందరకు గుణమిచ్చునని చెప్పరాదు. కాని ఖర్చు లేనిది, హాని లేనిది. ముఖము చూచుకొను అద్దము చాలును.

భుజమునకు బలమైన దెబ్బ తగిలి చేయి అంతయు వ్రేలాడిపోయినచో మూడు నెలలు దాటకుండ నాడుల శస్త్రవైద్యుని చూడవలెను. ఏలూరులో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. నాడి పనితీరును విద్యుత్తుతో కొలుచు పరీక్ష అవసరమా, ఎచ్చట చేయించవలెనో పెద్ద ఆసుపత్రి వైద్యుడు చెప్పును.

వైద్యునితో "నొప్పి" అని ఊరకుండక, ఎట్టి నొప్పియో చెప్పుట ముఖ్యము. దీనికి మన భాషలో మాటల కొఱత లేదు. సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు. చీముపట్టిన గాయము సలుపును. నాడి చెడిన చేయి మండును, జివ్వుమనును, సూదులు గ్రుచ్చినట్లుండును. ఇంట పలుకు ఈ మాటలనే ఆసుపత్రిలోను పలుకవలెను. అనుభవముగల వైద్యుడు ఆ ఒక్క మాటతోనే దారి పట్టును.

తుదకు కాగితము సంగతి. వైకల్య ధ్రువపత్రమునకై సదరం శిబిరమునకు పోవువారికి సాధారణముగా అవయవపు కదలిక, బలము, స్పర్శ కొలిచి నూటికి ఇంతయని నిర్ణయింతురు. ధ్రువపత్రము ప్రయోజనములకు 40 శాతము కావలెను. నొప్పికి కొలబద్ద లేదు. ఇది న్యాయమా అని అడిగినచో కాదనియే చెప్పవలసివచ్చును. కావున గాయమైన దినముననే ఏ వ్రేలికి స్పర్శ లేదో, ఏ కదలిక పోయినదో వైద్యునిచేత చీటీపై వ్రాయించుకొని, తారీఖు వేయించుకొనవలెను. కుట్లు విప్పిన దినమున ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి అట్లే వ్రాయించి, ఎక్స్‌రేలతోపాటు తడి తగులని చోట దాచవలెను. నాడి నడచినదో నిలిచినదో పోల్చిచూచుటకు తరువాతి వైద్యునకు అవియే ఆధారము.